మఱచినవారిని మనము మఱవరాదు



పక్షవాతము వచ్చినను, మోటారు సైకిలుమీదినుండి పడి తలకు దెబ్బ తగిలినను, మెదడువాపు వ్యాధి సోకినను, రోగి ప్రాణముతో ఇల్లు చేరినచో చాలునని మనము కోవెలకు వచ్చి కొబ్బరికాయ కొట్టుదుము. అది యుక్తమే. కాని అనేక గృహములలో అసలు కష్టము పిమ్మటనే ప్రారంభమగుచున్నది. కాలుసేతులు కుదుటపడినవి, మాట వచ్చినది; అయినను ఉదయము తిన్నది మధ్యాహ్నమునకు జ్ఞాపకముండదు. అడిగినదే పదిమాఱులు అడుగును. మాత్ర మ్రింగిన సంగతి మఱచి మరల మ్రింగును. ఇంటివారు మొదట జాలిపడుదురు, తరువాత విసుగుకొందురు, తుదకు నలుగురిలోనికి తీసికొని వచ్చుటకు సిగ్గుపడి ఇంటనే కూర్చుండబెట్టుదురు. అట్టి గృహములను తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది దిష్టి కాదు, గాలి సోకుట కాదు, సోమరితనము అంతకంటె కాదు. దెబ్బతిన్నది మెదడు. అయితే జ్ఞాపకమనునది ఒకే కొట్టులో పోసిన ధాన్యమువంటిది కాదని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. 1953వ సంవత్సరమున అమెరికా దేశమునందు హెన్రీ మొలైసన్ అను యువకునకు మూర్ఛరోగము మాన్పుటకై శస్త్రచికిత్స చేసి, మెదడులో ఇరుప్రక్కల నుండు హిప్పోకాంపస్ అను భాగమును చాలవరకు తొలగించిరి. నాటినుండి 2008లో కన్నుమూయువరకు ఆయనకు క్రొత్త సంగతులు నిలువలేదు. అయినను బ్రెండా మిల్నర్ అను విదుషి అద్దములో చూచుచు నక్షత్రపు గీతలవెంట పెన్సిలు నడుపుటను ఆయనచే అభ్యాసము చేయింపగా, దినదినమునకు చేయి చక్కబడినది. అంతకుముందు ఆ పని చేసినట్లు ఆయనకు గుర్తే లేదు! ఇంగ్లండునందు క్లైవ్ వేరింగ్ అను సంగీతవిద్వాంసునకు 1985లో వైరసువలన మెదడువాపు వచ్చి, క్షణములక్రిందటి మాటయు నిలువకపోయెను. కాని పియానో వాయించు విద్య చెడలేదు. భార్యను చూడగానే కలుగు ప్రేమయు చెడలేదు.

దీనినుండి మనము గ్రహింపవలసినది గొప్పది. నేడు ఏ వారమో చెప్పలేని తాత రామభజనలో తాళము తప్పకుండ చరణము నందుకొనవచ్చును. వారముల పేర్లను మఱచిన మెదడే పాటను కాపాడుకొన్నది. కావున అతనిని ఇంటనుంచి మనము భజనకు పోవుట, అతనికి మిగిలియున్న సొత్తునుగూడ తీసికొనుటయే.

ఇక చేయవలసినదేమి? పోయిన జ్ఞాపకశక్తి వ్యాయామముచే కండవలె పెరుగునని తలంపవద్దు. పొడుగైన పేర్ల పట్టికలు వల్లె వేయించినచో ఆ పట్టికలే వచ్చునుగాని జ్ఞాపకశక్తి పెరుగదు. తలగాయము తగిలినవారికి మొదటి మాసములలో సహజముగా కొంత మేలు కలుగును. మిగిలిన లోటునకు ఉపాయములతో దారి వేయవలయును.

మొదటిది, పరీక్షింపకుడు. "నేనెవరినో చెప్పు చూతము" అని అడిగినచో రోగి ఊహించి తప్పు చెప్పును. ఆ తప్పే మనసులో నాటుకొనును. 1994లో ఇంగ్లండునందు బాడ్లీ, బార్బరా విల్సన్ అనువారు దీనిని పరిశోధించి, తప్పునకు తావీయక నేర్పినచో మఱపు రోగులు మేలుగా నేర్తురని చూపిరి. "నాయనా, నేను నీ చెల్లెలి కొడుకును" అని మనమే ముందుగా చెప్పుట మర్యాదయు, వైద్యమును.

రెండవది, ఎడము పెంచుచు నేర్పుడు. ఒక సంగతి చెప్పి వెంటనే పలికింపుడు. ఒక నిమిషమునకు, రెండు నిమిషములకు, నాలుగు నిమిషములకు మరల అడుగుడు. తడబడినచో ఊహింపనీయక జవాబు చెప్పి, ఎడము తగ్గింపుడు. ఒక పర్యాయము ఒక్క సంగతియే నేర్పవలయును.

మూడవది, జ్ఞాపకమును తలలోనుండి తీసి బయట పెట్టుడు. గోడమీద పెద్ద అక్షరముల దినదర్శిని, జేబులో ఒక చిన్న పుస్తకము, వారమునకు ఏడు గదుల మాత్రల పెట్టె, తాళపుచెవికి ఒకే కొక్కెము ఉండవలయును. 2001లో ప్రకటింపబడిన ఇంగ్లండు పరిశోధనలో 143 మంది రోగులకు వేళకు గుర్తుచేయు చిన్న యంత్రము నీయగా, అత్యధికులు తమ పనులను మునుపటికంటె బాగుగా చేసికొనిరి. నేడు ఆ పనిని మన చేతిలోని ఫోనే చేయును.

నాలుగవది, దినచర్య మార్పకుడు. స్నానము, దీపారాధన, భోజనము, నడక ఒకే వేళకు ఒకే వరుసలో జరిగినచో చేతులకే అలవాటగును. రోగి ఒంటరిగా వంట చేయునపుడు గ్యాసు పొయ్యిమీద ఇంటివారి కన్ను ఉండవలయును.

వైద్యుని మాట మఱవరాదు. బి12 విటమిన్ లోపము, థైరాయిడ్ వ్యాధి, మనోవ్యాకులత, నిద్రలేమి కూడ మఱపును హెచ్చించును. వీనికి చికిత్స కలదు. మన తోటల చెరకునుండియే వచ్చు రమ్ము ఎన్ని మెదళ్లను పాడుచేసినదో చెప్పనక్కఱలేదు. ఏండ్లతరబడి త్రాగి, సరిగా తిననివారికి బి1 విటమిన్ లోపించి శాశ్వతమైన మఱపు సంభవింపవచ్చును. మధుమేహము, రక్తపుపోటు మన ద్వీపమున మెండు. అవియే పక్షవాతమునకు ద్వారములు. హఠాత్తుగా మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, నూనె మర్దనలతో కాలము పుచ్చక వెంటనే 114 సంఖ్యకు ఫోను చేయవలయును.

కోరంగి రేవునుండి ఈ మారిషసు ద్వీపమునకు వచ్చిన మన పెద్దలలో చదువు వచ్చినవారు కొందరే. అయినను పాటలు, పూజావిధులు, బంధుత్వముల వరుసలు మనదాక వచ్చినవి. అవి ఏ ఒక్కరి తలలోనో నిలిచినవి కావు. భజనగోష్ఠిలో ఒకరు చరణము మఱచినచో ప్రక్కవారు అందించిరి. మఱపు రోగికి కుటుంబమును, కుటుంబమునకు కోవెలయు అట్లే అందింపవలయును.

కావున సభ్యులకు మా విన్నపము: మీ ఇంట నిట్టివారున్నచో దాచకుడు. భజనకు తోడ్కొని రండు. వారు ఒకే ప్రశ్న పదిమాఱులు అడిగినను, ప్రక్కన కూర్చున్నవారు పదిమాఱులు నెమ్మదిగా బదులు చెప్పుడు. రాత్రింబవళ్లు వారిని కనిపెట్టియుండు ఇల్లాలికి వారమునకు ఒక్క పూట విశ్రాంతి కలుగునట్లు, ఇరుగుపొరుగు యువతీయువకులు వంతులవారీగా తోడు కూర్చుండుడు. ఇది అన్నదానమునకు తీసిపోని సేవ. శ్రీ సింహాద్రి అప్పన్న మనకందఱకు ఓర్పును, ఆరోగ్యమును ప్రసాదించుగాక!