ఇంటగట్టిన శీఘ్రవిమానములు

తన విమానమును తానే నిర్మించుకొని గగనవిహారము చేయవలెనను కోరిక నింద్యమైనది కాదు. అమెరికా దేశమున వేలకొలది గృహస్థులు తమ షెడ్డులలో సంవత్సరములతరబడి శ్రమించి యిట్టి విమానములను కట్టుకొనియున్నారు. నిర్మాణమున అధికభాగము విద్యావినోదముల నిమిత్తము ఔత్సాహికులే చేసిరని చూపినచో, అచ్చటి ప్రభుత్వము ‘ప్రయోగాత్మకము’ అను ముద్ర వేయించి యెగురుట కనుమతించుచున్నది. ఈ స్వాతంత్ర్యమును మేము శ్లాఘింతుము. కాని గంటకు 500 కిలోమీటర్ల వేగముతో పోగల యంత్రమును, సెలవుదినములందు మాత్రమే యెగురు వైమానికుని చేతికిచ్చుట క్షేమమా యను ప్రశ్నకు సమాధాన మంత సులభము కాదు.

వేగము దానంతట నది ప్రాణాంతకము కాదు. దానిని సంపాదించు విధముననే యపాయము దాగియున్నది. గాలి యడ్డు తగ్గించుటకై శిల్పి రెక్కను చిన్నది చేయును. చిన్నరెక్క పెద్దభారమును మోయవలెనన్న వేగముగా పోవలెను. వేగము తగ్గినంతనే గాలిపై పట్టు తప్పి విమానము కూలబడును. కర్మాగారములలో తయారగు ఒంటి యింజను విమానములకు ఈ కనిష్ఠవేగము సామాన్యముగా గంటకు 113 కిలోమీటర్లు మించరాదని అమెరికా నిబంధనలు చిరకాలము శాసించినవి. ఇంటగట్టినవానికి అట్టి కట్టుబాటు లేదు. నేలను తాకు వేగము రెట్టింపైనచో దెబ్బ నాలుగింతలగును. ఇంజను ఆగి యే పొలముననో దిగవలసివచ్చిన వానికి ఇది వట్టి లెక్క కాదు, ప్రాణసంకటము.

అనుభవమును ఇట్లే చెప్పుచున్నది. లాన్‌కేర్ అను శీఘ్రవిమానములు ఔత్సాహికనిర్మితములలో 3 శాతమునకు కొంచెము మించియున్నను, అంతకు పూర్వపు 11 నెలల మరణప్రమాదములలో 16 శాతము వానివేయని అమెరికా వైమానికశాఖ 2009లో హెచ్చరించెను. ఔత్సాహికనిర్మితములన్నియు కలిసి అచ్చటి చిన్నవిమానములలో సుమారు 10 శాతమేయైనను, 2011లో మరణప్రమాదములలో 21 శాతము వానికి సంభవించినవని జాతీయ రవాణా భద్రతామండలి 2012లో ప్రకటించెను. ప్రమాదములకు గురియైనవానిలో సగమునకు పైగా, కట్టినవానివి గాక మారుబేరమున కొన్నవానివి యగుట గమనింపదగినది.

గాయకుడు జాన్ డెన్వర్ మరణము ఇందుకు దృష్టాంతము. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే సముద్రతీరమున ఆయన లాంగ్-ఈజీ విమానము కూలెను. అది యాయన పరులనుండి కొత్తగా కొనినది. ఆయన కప్పటికే 2,700 గంటలకు పైగా ఎగిరిన యనుభవము కలదు. అయినను నిర్మాత యింధనపు మీటను మూలనమూనాకు భిన్నముగా, నడుపువాని యెడమభుజము వెనుక అమర్చెను. దానిని త్రిప్పబోయి విమానముపై అదుపు తప్పెనని భద్రతామండలి నిర్ణయించినది. ఇంధనము నింపుకొనకపోవుటయు, ఆ తరగతి విమానమున చాలినంత శిక్షణ పొందకపోవుటయు కారణములలో చేర్చినది. అనుభవ మెంత యున్నను, ఎక్కిన యంత్రముతో పరిచయము లేనిచో అక్కఱకు రాదు.

అట్లని వేగముగల ప్రతి విమానమును దూషించుట న్యాయము కాదు. వాన్స్ ఆర్.వి. తరగతి విమానములు గంటకు 300 కిలోమీటర్లకు పైగా పోయియు, 100 కిలోమీటర్లలోపు వేగమునగూడ గాలిపై పట్టు తప్పకుండ దింపవీలైనవి. కావున విమానమును కొనువాడు ‘ఎంత వేగముగా పోవును?’ అని గాక, ‘ఎంత మెల్లగా దిగును?’ అని మొదట నడుగవలెను.

‘నా ప్రాణము నాది, నా యిష్టము’ అను వాదమును మేమంగీకరింపము. ప్రక్కన కూర్చుండు భార్యాబిడ్డల ప్రాణములును, క్రింద నివసించువారి యిండ్లును వానివి కావు. దుక్కిటెద్దులను తోలిన చేయి పందెపుటెద్దుల పగ్గములను ఒక్కదినమున పట్టజాలదని మన రైతులెఱుగుదురు. అదే తరగతి విమానమున నిపుణునితో శిక్షణ పొంది, ఎత్తున నుండగా మందవేగమున మెలగుటయు, పట్టు తప్పిన విమానమును తిరిగి నిలుపుటయు అభ్యసించి, ఆపై యొంటరిగా ఎగురుట కర్తవ్యము. తొలి పరీక్షాప్రయాణములందు అర్హుడైన రెండవ వైమానికుని వెంటనుంచుకొనుటకు 2014లో అమెరికా ప్రభుత్వము అనుమతించుట హర్షణీయము.

చట్టము ఎగురుటకు హక్కు నీయగలదు గాని నేర్పు నీయజాలదు. ఆ నేర్పునకు వలయు కాలమును శ్రమను వెచ్చింప నిష్టములేని వినోదవైమానికునకు శీఘ్రవిమానము తగదు. వానికి నెమ్మది విమానమే మేలు. ఆకాశ మంతకన్న ఇరుకై పోదు.