సుబేదారు గారి పెన్షను

మా దాచేపల్లి వైపు మిరపకోతలకి వెళ్లే ఆడవాళ్లని అడిగి చూడండి. క్యారేజీలో అన్నం, గోంగూర పచ్చడి ఉన్నా సరే, నీళ్లబిందె రాకపోతే ముద్ద గొంతు దిగదంటారు. నెత్తిన ఎండ, పైగా మిరప ఘాటాయె!

1901లో సాతారా జిల్లాలో కొందరు పిల్లలు అచ్చం అలాగే, ఎదురుగా తిండి పెట్టుకుని నీళ్లు దొరక్క ఆకలితో పడుకున్నారు. వాళ్లేం దిక్కులేని పిల్లలు కాదు. నాన్న రిటైరైన సుబేదారు, పేరు రాంజీ మాలోజీ సక్‌పాల్. ఆ పిల్లల్లో ఒకడు భీమ్. అంబేద్కర్ అంటే ఇక పరిచయం అక్కర్లేదు కదా!

కొడుకు విగ్రహం మనకి ఊరూరా కనిపిస్తుంది. తండ్రి కథ మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. రాంజీది రత్నగిరి జిల్లా అంబడవే. మహర్ కులం. ఆయన తండ్రి మాలోజీ కూడా సిపాయే. భార్య భీమాబాయి పుట్టిల్లూ సైన్యంలోదే. బయట ఆ కులం పిల్లల్ని బడి గడప తొక్కనివ్వని రోజుల్లో సైన్యంలో సిపాయిల పిల్లలకి చదువు తప్పనిసరి. ఆడపిల్లలకి కూడానండోయ్! రాంజీ సైనిక పాఠశాలలో పద్నాలుగేళ్లు హెడ్‌మాస్టరుగా చేశారు. మౌ కంటోన్మెంట్‌లో 1891 ఏప్రిల్ 14న భీమ్ పుట్టాడు, పద్నాలుగో సంతానం. (ఆ తల్లి ఒళ్లు ఎంత హూనమై ఉంటుందో!)

ఆ తర్వాత రెండు మూడేళ్లకే రాంజీ రిటైరయ్యారు. దొరలు పోరాడే జాతులంటూ లెక్కలు కట్టి మహర్ల భర్తీ కూడా ఆ దశాబ్దంలోనే ఆపేశారు. మన తెలుగువాళ్లు తరతరాలు కొలువు చేసిన మద్రాసు సైన్యంలోనూ తెలుగు సిపాయిల్ని తగ్గించింది ఆ కాలంలోనే. యూనిఫాం తీసేసిన రాంజీ మామూలు సర్కారు ఉద్యోగంలో చేరారు. భీమాబాయి సాతారాలో కన్నుమూసింది. పిల్లల్ని సాకింది మేనత్త మీరాబాయి.

రాంజీ గోరేగావ్‌లో కాషియరు. కరువు పనుల కింద అక్కడ చెరువు తవ్విస్తున్నారు. వేసవి సెలవుల్లో నాన్న దగ్గరికని భీమ్ బయల్దేరాడు, అన్నతోనూ, అక్కగారి సంతానంతోనూ కలిసి. కొత్త చొక్కాలు, జరీ టోపీలు, బూట్లు! మసూరు స్టేషన్లో దిగితే నాన్న రాలేదు. ఉత్తరం అందినా ఆయనకి చెప్పడం బంట్రోతు మర్చిపోయాడట. మహర్ల పిల్లలని తెలియగానే బండివాళ్లు మొహం తిప్పుకున్నారు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకుని ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలని, తాను పక్కన నడిచొస్తానని! దారిలో మూట విప్పితే తాగడానికి దొరికింది పేడా మూత్రం కలిసిన బురద నీళ్లు. వాసనకే కడుపులో తిప్పింది. రాత్రి టోల్ గేటు దగ్గర ముస్లింలమని అబద్ధమాడినా చుక్క నీళ్లు పోయలేదు. గోరేగావ్ చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఇదంతా అంబేద్కరే పెద్దయ్యాక రాసుకున్నారు.

సుబేదారు పెన్షనుతో బట్టలొచ్చాయి, బూట్లొచ్చాయి. గ్లాసుడు మంచినీళ్లు రాలేదు.

రాంజీ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ వచ్చినావిడ అమ్మ నగలు పెట్టుకుంటే భీమ్‌కి మహా కష్టంగా ఉండేదట. బొంబాయి వచ్చాక సంసారమంతా ఒక్క గదిలో. కొడుకు పుస్తకం కావాలంటే ఈయన పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకి పరుగెత్తేవారు. చిన్నకూతురి దగ్గర అప్పు పుట్టకపోతే పెద్దకూతురి నగ తీసుకెళ్లి తాకట్టు పెట్టేవారు, పెన్షనొచ్చిన రోజు విడిపించి ఇచ్చేవారు. మళ్లీ ఇంకో పుస్తకం. మళ్లీ అదే నగ! ఆ అక్కచెల్లెళ్ల అత్తవారు ఏమనేవారో మరి.

రాంజీ 1913 ఫిబ్రవరి 2న పోయారు. ఆ జూలైలోనే కొడుకు కొలంబియా యూనివర్సిటీలో చదవడానికి న్యూయార్క్‌లో దిగాడు.