రోడ్డు పక్కన నిలబెట్టిన రాయి



ప్రయాణాల్లో మనకు రోడ్డు పక్కన అక్షరాలు చెక్కిన రాళ్ళు కనపడుతూ వుంటాయి. బండి ఆగితే చదువుతాం, ఆగకపోతే లేదు. ఈవేళ అలాంటి వొక రాయి సంగతి చెబుతాను. ఇది మన దేశంలోది కాదు, అమెరికాలోది. మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు మా మరిదిగారు కారాపి చూపించారు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో గెట్టిస్‌బర్గ్ అని చిన్న వూరు. దానికి పడమరగా సుమారు మూడు మైళ్ళ దూరాన, ఛాంబర్స్‌బర్గ్ రోడ్డు పక్కన, పాత ఇటుకల ఇంటి దగ్గర చిన్న రాతి స్తంభం వుంది. అమెరికా అంతర్యుద్ధంలో పేరు మోసిన పోరాటం అక్కడే మొదలైందని అది చెబుతుంది.

అంతర్యుద్ధమంటే వొకే దేశంవాళ్ళు రెండు పక్షాలై కొట్టుకోవడమన్నమాట. బానిసత్వాన్ని నిలుపుకోవాలని దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి. వీల్లేదన్నది ఉత్తరాది. 1861 నుంచి 1865 దాకా యుద్ధం సాగింది.

1863 జూలై 1వ తేదీ పొద్దున్న దక్షిణాది సైన్యం ఈ రోడ్డు వెంబడే వూరివైపు వస్తూంది. ఇక్కడ కాపలా వున్నవాళ్ళు ఉత్తరాదికి చెందిన ఎనిమిదో ఇల్లినాయిస్ అశ్వికదళం. అందులో లెఫ్టినెంట్ మార్సెలస్ జోన్స్, సార్జెంట్ షాఫర్ దగ్గర తుపాకి అడిగి తీసుకొని, కంచె కర్రమీద ఆనించి వొక గుండు పేల్చాడు. అప్పుడు టైము ఏడున్నర అని రాయిమీద వుంది. మొదట అది చిన్న కాపలాదళపు ఘర్షణే. కాని రెండు వైపులా సైన్యాలు వచ్చి చేరుతూనే వున్నాయి. మూడు రోజుల్లో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియనివారు కలిసి సుమారు 51 వేలమంది. ఆ వూరి జనాభా చూస్తేనేమో దాదాపు 2,400!

మరి ఈ రాయి పెట్టిందెవరు? ప్రభుత్వమనుకున్నాను. కాదట. 1886లో, అంటే 23 ఏళ్ళ తర్వాత, జోన్స్, షాఫర్, వాళ్ళ తోటివాడు రిడ్లర్ కలిసి ఇల్లినాయిస్ నుంచి రాయి తెచ్చి నిలబెట్టారు. తొమ్మిదో న్యూయార్క్ అశ్వికదళంవాళ్ళు మాత్రం మొదటి గుండు మాదే అన్నారు. అంచేత ఈ రాయి గుర్తూ అయింది, దావా కూడా అయింది. తుపాకి ఇచ్చినవాడి పేరు మరవకుండా చెక్కించారు, అందుకు మెచ్చుకోవాలి. అయినా రాయి పెట్టుకోగలిగినవాళ్ళ మాటే రాయిమీద వుంటుంది.

అదే వూళ్ళో ఎలిజబెత్ థార్న్ అనే ఇల్లాలు వుండేది. ఆమె భర్త ఎవర్‌గ్రీన్ శ్మశానవాటిక కాపరి. ఆయన సైన్యంలోకి వెళ్ళడంతో ఆ పని ఈమె మీద పడింది. యుద్ధంనాటికి ఆమె ఆరు నెలల గర్భిణి. జూలై ఎండ, ఎక్కడ చూసినా శవాలు. సాయానికొచ్చినవాళ్ళు తట్టుకోలేక వెళ్ళిపోయారు. ముసలి తండ్రిని తోడు పెట్టుకొని సుమారు వందమంది సైనికులకు గోతులు తవ్వి పూడ్చిందా తల్లి. మామూలు జీతం కాక ఇందుకు పైన వొక్క డాలరు కూడా ముట్టలేదని ఆమే చెప్పుకుంది. ఆ యేడు నవంబరులో ఆడపిల్లను కన్నది.

నిండు కడుపుతో, పారతో నిలబడ్డ ఆమె విగ్రహం ఇప్పుడా శ్మశానవాటికలో వుంది. ఎప్పుడు పెట్టారనుకున్నారు? 2002లో! గుండు పేల్చినందుకు రాయి 23 ఏళ్ళలో లేచింది. గోతులు తవ్విన చేతుల్ని తలుచుకోవడానికి 139 ఏళ్ళు పట్టింది.

అందుకని ఇకమీదట ఇలాంటి రాయి కనపడితే కాసేపు ఆగండి. ఏం జరిగిందో చదివి వూరుకోకండి. ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు అన్నది కూడా చూడండి. ఆ రోజు అక్కడ గంజి కాచిపోసిందెవరో, గాయాలు కడిగిందెవరో ఆ వూరి పెద్దవాళ్ళను అడగండి. పిల్లలు వెంట వుంటే వాళ్ళచేతే అడిగించండి. రాయిమీద ఎక్కని పేర్లు కొన్నాళ్ళు మనుషుల నోళ్ళలో బతుకుతాయి. వాళ్ళుండగానే వినాలి.

సెలవు.