డెబ్బయ్యి నిండేదాకా రోగం ఆగుతుందా?
ఆరోగ్య బీమాపై కొత్తగూడ ప్రాంత రైతులు తెలుసుకోవలసిన సంగతులు

కొత్తగూడ: పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చిన వారంలోనే ఆ రైతు ఆన్‌లైన్ సెంటరుకు వచ్చాడు. తనదీ భార్యదీ ఆధార్ కార్డులు రెండూ బల్ల మీద పెట్టాడు. "ముసలోళ్లకు అయిదు లక్షల దవాఖాన కార్డు ఇస్తున్నరట గదా, మా ఇద్దరికీ తియ్యి బిడ్డా" అని అడిగాడు. సెంటరులోని కుర్రవాడు కార్డులు చూసి, "అది డెబ్బయ్యి నిండినోళ్లకు పెద్దబాపూ. నీకు ఆధార్ల అరవై ఒకటే వున్నది. ఇంకా తొమ్మిదేండ్లు ఆగాలె" అన్నాడు.

"తొమ్మిదేండ్లు రోగం ఆగుతదా?" అన్నాడు రైతు. కుర్రవాడు ఏమీ చెప్పలేకపోయాడు.

ఈ ప్రశ్న ఆ ఒక్క రైతుది కాదు. మహబూబాబాద్ జిల్లాలోని ఈ అటవీ మండలంలో పెద్ద జబ్బు వస్తే నర్సంపేటకో, మహబూబాబాద్‌కో, వరంగల్లుకో పోవలసిందే. యాభై దాటిన తర్వాత బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. సర్కారు ఇచ్చే వృద్ధుల కార్డు మాత్రం డెబ్బయ్యికి గాని రాదు. ఈ మధ్యకాలాన్ని ఎట్లా దాటాలన్నదే సమస్య.

డెబ్బయ్యికి వచ్చే కార్డు

ఆయుష్మాన్ భారత్ పథకం కింద 70 ఏళ్లు నిండిన వారందరికీ వర్తించే వయ వందన కార్డును కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఆదాయంతో నిమిత్తం లేదు. ఏడాదికి రూ.5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఇది వర్తిస్తుంది. ఇంట్లో డెబ్బయ్యి దాటినవారు ఇద్దరుంటే ఆ అయిదు లక్షలు ఇద్దరికీ కలిపి. పాత జబ్బులకు కూడా మొదటి రోజునుంచే వర్తించడం ఇందులోని పెద్ద సౌకర్యం.

దీనికి ఆధారే ఆధారం. అందులో వున్న వయసే లెక్క. పుట్టిన తేదీ తెలియని పెద్దలకు చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని అంచనాగా రాసి వున్నది. అసలు వయసు ఎంతైనా కార్డులోని సంవత్సరాన్ని బట్టే ఎదురుచూడవలసి వస్తుంది. తగిన రుజువు వున్నవారు పుట్టిన తేదీని ముందుగానే సరిచేయించుకోవడం మంచిది.

అమెరికాలోనూ ఇట్టి చిక్కే వున్నది. అక్కడ 1965లో మెడికేర్ అనే చట్టం తెచ్చి 65 దాటినవారికి వైద్య బీమా కల్పించారు. అరవై ఏళ్లకు కొలువు పోయినవారు 65 దాకా సొంత డబ్బుతో బీమా కొనుక్కోవలసిన పరిస్థితి అక్కడా వున్నది. అక్కడ 65, ఇక్కడ 70. గడువుకు ముందున్న ఏళ్లే అందరికీ కష్టం.

ముందు రేషన్ కార్డు చూసుకోవాలి

బీమా కొనాలనుకునేవారు మొదట ఇంట్లో వున్న కార్డును తీసి చూసుకోవాలి. ఆహార భద్రత కార్డు వున్న కుటుంబాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఈ పథకం మరుసటి ఏడు అన్ని జిల్లాలకూ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల దాకా పెంచారు. దీనికి ప్రీమియం లేదు, వయసు అడ్డం లేదు, పాత జబ్బు అన్న మాట లేదు. కనుక ఈ కార్డు వున్న నిరుపేద కుటుంబం ఏజెంటు మాట విని అప్పు చేసి బీమా కొనవలసిన పని లేదు.

అయితే రెండు విషయాలు గమనించాలి. కార్డులో పేరు వున్నవారికే వైద్యం. పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఎక్కిందా, వేరుపడ్డ ముసలి తల్లి పేరు ఎవరి కార్డులో వున్నది, ఆధార్‌లో పేరూ కార్డులో పేరూ ఒక్కటిగా వున్నాయా అన్నది జబ్బు రాకముందే చూసుకోవాలి. రెండవది, జాబితాలో వున్న చికిత్సలకే, జాబితాలో వున్న ఆసుపత్రుల్లోనే ఇది చెల్లుతుంది. కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించారు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి అడగాలి. 104కు ఫోను చేసినా చెబుతారు. 2025 సెప్టెంబరులో బకాయిల విషయమై ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను కొద్ది రోజులు నిలిపివేశాయి. అట్టి సమయంలో వరంగల్లు ఎం.జి.ఎం. వంటి ప్రభుత్వాసుపత్రులే దిక్కు.

పల్లెల్లో ఏడాదికి లక్షన్నర లోపు ఆదాయం, మూడున్నర ఎకరాల లోపు తరి లేదా ఏడున్నర ఎకరాల లోపు మెట్ట వున్నవారికి ఆహార భద్రత కార్డు ఇస్తారు. పైన చెప్పిన రైతుకు పాసుబుక్కులో తొమ్మిదెకరాల మెట్ట వున్నది. కాబట్టి కార్డు లేదు. పంట పండిన ఏడు గింజలుంటాయి, పండని ఏడు అప్పే. ఇట్టి మధ్యరకం రైతులు, చిన్న దుకాణదారులే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు.

రైతుబీమా వేరు, ఆరోగ్య బీమా వేరు

"నాకు రైతుబీమా వున్నది గదా" అని ధీమాగా వుండేవారు చాలామంది. ఇది పొరపాటు. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు మరణిస్తే కుటుంబానికి రూ.5 లక్షలు ఇచ్చే పథకం. ప్రీమియం ప్రభుత్వమే ఎల్.ఐ.సి.కి కడుతుంది. బతికి వుండి ఆసుపత్రిలో పడితే ఇందులో పైసా రాదు. అరవైకి చేరితే అదీ వుండదు.

బ్యాంకులో ఏడాదికి రూ.20 కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా అంతే. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. 18 నుంచి 70 ఏళ్ల దాకా వర్తిస్తుంది. ఇరవై రూపాయలకు అది మంచిదే గాని, గుండెజబ్బుకూ కిడ్నీ జబ్బుకూ అక్కరకు రాదు.

పిల్లల కొలువు వివరం అడగాలి

కార్డు లేనివారు రెండవదిగా చూడవలసింది పిల్లల ఉద్యోగం. హైదరాబాదు చుట్టుపక్కల కంపెనీల్లో నెలకు రూ.21 వేల లోపు జీతానికి పనిచేసే పిల్లలకు ఇ.ఎస్.ఐ. వుంటుంది. వారి మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకు కూడా ఆ ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది. అయితే వారి పేర్లు నమోదు చేయించాలి. జీతం అంతకంటే ఎక్కువైతే కొన్ని కంపెనీల బీమాలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటుంది. అందులో పాత జబ్బులకూ మొదటినుంచే వర్తించేవి వున్నాయి. కాని కొలువు పోతే ఆ బీమా కూడా పోతుంది. దాని మీదనే పూర్తిగా ఆధారపడడం మంచిది కాదు.

ఈ రైతు కొడుకు హైదరాబాదులో సొంతంగా ఆటో నడుపుతున్నాడు. ఈ దారి కూడా లేదు. ఇక కొనడమే మిగిలింది.

కొనేవారు చూడవలసిన లెక్క

ఆరోగ్య బీమా కంపెనీలు అనేకం, పాలసీలు అంతకంటే అనేకం. చదువుకున్నవారే తికమకపడతారు. ఈ చిక్కు తీర్చేందుకు బీమా నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్ 1 నుంచి 'ఆరోగ్య సంజీవని' అనే ఒకే నమూనా పాలసీని ఆరోగ్య బీమా కంపెనీలన్నీ అమ్మాలని నిర్ణయించింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా లోపలి షరతులు అవే. ధర మాత్రమే తేడా. హైదరాబాదు వానికి ఒక ధర, కొత్తగూడ వానికి ఒక ధర అని కూడా వుండదు. కనుక నాలుగు కంపెనీల ధర అడిగి, దగ్గరి ఆసుపత్రులు ఏ కంపెనీ జాబితాలో వున్నాయో చూసి తీసుకోవచ్చు. 65 ఏళ్ల దాకా ఇందులో చేరవచ్చు. అంతకు పైబడినవారికి కూడా పాలసీలు అందుబాటులో వుండాలని 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది గాని, వయసు పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది.

ఇందులో బిల్లులో నూటికి అయిదు రూపాయలు రోగి పెట్టుకోవాలి. లక్ష బిల్లయితే అయిదు వేలు మనవి. గది అద్దె పాలసీ మొత్తంలో నూటికి రెండు వంతు, అదీ రోజుకు రూ.5 వేలు మించరాదు. రెండు లక్షల పాలసీకి రోజుకు నాలుగు వేలన్నమాట. "మంచి గది ఇప్పించండి" అని ఎనిమిది వేల గదిలో చేరితే అద్దెలోనే గాక డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చులలో కూడా సగం కోత పడుతుంది. మందుల ధరలో ఈ కోత వుండదు. గది ఎంచుకునే ముందే ఈ లెక్క అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆగవలసిన గడువు. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు. కంటి శుక్లం, హెర్నియా వంటి వాటికి రెండేళ్లు, మోకాలి కీలు మార్పిడికి మూడేళ్ల దాకా ఆగాలి. ముందునుంచే వున్న షుగరు, బీపీ వంటి జబ్బులకు గడువు మూడేళ్లకు మించరాదని 2024లో నిర్ణయించారు. అంటే 61లో కొన్నవారికి 64 నుంచి పూర్తిగా అక్కరకు వస్తుంది. 65 దాకా జరిపితే 68 గాని రాదు. అప్పుడు డెబ్బయ్యి కార్డుకు మిగిలేది రెండేళ్లే. కొనేవారు ఆరోగ్యంగా వున్నప్పుడే కొనాలని చెప్పడానికి ఇదే కారణం.

మధ్యలో ఒక ఏడు కట్టక వదిలేస్తే ఆ గడువు మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ఏటా కట్టగలిగినంతే తీసుకోవాలి. పది లక్షల పాలసీ తీసుకుని రెండవ ఏడు వదిలేయడం కంటే మూడు లక్షల పాలసీని ఏటా నిలుపుకోవడం మేలు. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాపై నూటికి 18 వున్న జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తివేశారు. అరవై దాటినవారి ప్రీమియాన్ని ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించకుండా ఏడాదికి నూటికి పది మించి పెంచరాదని 2025 జనవరిలో ఆదేశించారు. ఈ రెండూ పెద్దలకు కొంత ఊరట.

దాచితే నష్టం ఎవరికి?

రైతు ఇంటికి ఒక ఏజెంటు వచ్చాడు. రైతు భార్యకు 57 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగరు గోలీలు మింగుతున్నది. "షుగర్ ముచ్చట రాయకు కాకా. రాస్తే ప్రీమియం పెరుగుతది, పాలసీ రాకపోయినా రాదు" అన్నాడు ఏజెంటు. రైతు సరేననబోయాడు. పుట్టింటికి వచ్చి వున్న బిడ్డ అడ్డుపడింది.

"రేపు అమ్మను దవాఖాన్ల వేస్తే రక్తం చూడరా బాపూ? ఎన్నేండ్ల సంది షుగరని డాక్టరు అడుగుతడు. అమ్మ ఎనిమిదేండ్లని చెప్తది. ఆ కాగితం చూసి కంపెనీ పైసలియ్యనంటే, కట్టిన పైసలు పాయె, దవాఖాన పైసలు మీద పడె" అన్నది.

ఆమె చెప్పినదే నిజం. ఉన్న జబ్బు దాచారని తేలితే క్లెయిము తిరస్కరించే హక్కు కంపెనీకి వున్నది. వరుసగా అయిదేళ్లు కట్టిన తర్వాత మోసం రుజువైతే తప్ప ఈ సాకు చెప్పరాదన్న నియమం వున్నా, ఆ అయిదేళ్ల లోపే జబ్బు రావచ్చు. రాసి ఇస్తే మూడేళ్లు ఆగాలి, అంతే. ఫారం ఏజెంటు నింపినా సంతకం మనదే. కనుక చదివించుకుని వేలిముద్ర వేయాలి. పాలసీ కాగితం చేతికి వచ్చాక 30 రోజుల లోపు నచ్చకపోతే తిప్పి ఇవ్వవచ్చు. ఆ నెలలో చదువు వచ్చిన పిల్లలచేత అంతా చదివించుకోవాలి.

కంపెనీ అన్యాయంగా డబ్బు నిరాకరిస్తే మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నియంత్రణ సంస్థకు 155255 నంబరుపై చెప్పవచ్చు. నెల లోపు తేలకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దీనికి ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

షుగరు వున్నదని రాసిన ఫారాన్ని మొదటి కంపెనీ తిప్పి పంపింది. రెండవ కంపెనీ పరీక్షలు చేయించి కొంత ఎక్కువ ప్రీమియంతో మూడు లక్షల పాలసీ ఇచ్చింది. రైతు లెక్క ప్రకారం ఆ ప్రీమియం ఒక ఎకరం పత్తి మీద మిగిలేదంత. మూడేళ్ల దాకా భార్య షుగరు జబ్బుకు ఇది పలకదని అతనికి తెలుసు. అప్పటిదాకా నెలనెలా కొత్తగూడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించి గోలీలు తెచ్చుకోవాలని బిడ్డ మరీమరీ చెప్పి వెళ్లింది.

"వచ్చే ఏడు పత్తి పండినా పండకపోయినా ఇది కట్టుడే" అంటున్నాడు రైతు. పాలసీ కాగితాన్ని పట్టా పాసుబుక్కుతో కలిపి పెట్టెలో పెట్టాడు. కట్టవలసిన తేదీని మాత్రం బొగ్గుతో గోడ మీద రాశాడు.