నెల వెచ్చములు, పెరుగు ధరలు

గోదావరి డెల్టాలో కాపురముండి తిండి ఖర్చు పెరిగినదని చింతించుట దూరప్రాంతమువారికి వింతగా తోచవచ్చును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ సీమ తన ఆకలి తీర్చుకొనుటయే కాక పరుల ఆకలి కూడ తీర్చుచు వచ్చినది. చుట్టును వరిచేలు, గట్లపై కొబ్బరిచెట్లు, లంకలలో కూరపాదులు. అయినను రాజమహేంద్రవరములోగాని, భీమవరములోగాని, అమలాపురములోగాని నెల మొదటి వారమున పచారీ కొట్టునుండి ఇంటికి వచ్చు సంచి బరువు పెరుగకున్నను, చీటీ అడుగున వేసిన మొత్తము మాత్రము ఏటేట పెరుగుచునే యున్నది. ఇట్లేల జరుగుచున్నది? జీతము పెరుగని నెలలలో సంసారి దీనిని ఎట్లు సర్దుకొనవలెను? సర్దుకొనునపుడు ఇంటిలో ఎవరి కంచమున కోత పడుచున్నది? ఈ మూడవ ప్రశ్నను సాధారణముగా ఎవరును అడుగరు. నాకు ముఖ్యముగా తోచునది అదియే.

ముందుగా చీటీని చేత పట్టుకొని ప్రతి సరుకు ప్రక్కన దాని పుట్టినిల్లు వ్రాసి చూడుడు. బియ్యము, కొబ్బరి, అరటి, గ్రుడ్లు మనవి. కందిపప్పు కలబురగి నుండియో, తాండూరు నుండియో, మహారాష్ట్రము నుండియో వచ్చును. అక్కడ పంట చాలని యేట మొజాంబిక్, బర్మా దేశములనుండి ఓడలలో దిగును. ఎండుమిరప గుంటూరు యార్డుది. టమాటా మదనపల్లెది. ఉల్లి నాసిక్‌ది, కర్నూలుది. తాడేపల్లిగూడెము మార్కెట్టులో దిగి మన ఊళ్లకు చేరును. ఇక మంచినూనె. పామాయిలు ఇండోనేషియా, మలేషియాలనుండి, ప్రొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయినులనుండి రావలెను. మన దేశము వాడు వంటనూనెలో సగమునకు మించి దిగుమతియే. వరిచేల నడుమ కూర్చుండియు, కూడు తక్క తక్కినవన్నియు మనము పరుల వానలను నమ్ముకొని తినుచున్నామన్నమాట.

అందుచేతనే 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలై నల్లసముద్రపు ఓడలు నిలిచినపుడును, అదే సంవత్సరము ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని నిషేధించినపుడును పాలకొల్లులో గారెల మూకుడు క్రింద మంట తగ్గించవలసి వచ్చినది. ఆ నిషేధము మే నెలలోనే తొలగినది. కొట్టువాని ముఖము చూచి కోపపడి ఫలము లేదు. ఇందులో మరియొక చిక్కు కలదు. ఏలూరు జిల్లా మెట్టభూములలో ఆయిల్‌పామ్ తోటలు విస్తారముగా నున్నవి. ఆ పంటపై పరిశోధన చేయు జాతీయ సంస్థ పెదవేగిలోనే యున్నది. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ముడినూనెలపై మూల దిగుమతి సుంకమును సున్న నుండి 20 శాతమునకు పెంచినపుడు గెలల ధర పెరుగునని రైతు సంతోషించెను; వంటయిల్లు మూలిగెను. 2025 మే చివర దానిని 10 శాతమునకు తగ్గించినపుడు ఈ సుఖదుఃఖములు తారుమారైనవి. ఒకే ఇంటిలో తండ్రి తోట చూచుకొనుచుండగా కోడలు నూనె ప్యాకెట్లు కొనుచుండుటయు ఇక్కడ అరుదు కాదు.

బియ్యము మనదే కదా, అది యేల పెరుగవలెను? మనము పండించు బియ్యము, తిను బియ్యము ఒకటి కాకపోవుట ఒక కారణము. మారుటేరు పరిశోధన కేంద్రము 1982లో విడుదల చేసిన స్వర్ణ వంటి రకములు డెల్టా చేలను నింపినవి. పట్టణపు కుటుంబములు మాత్రము బాపట్లనుండి వచ్చిన సాంబమసూరి వంటి సన్నములను, అందును పాతబియ్యమును కోరును. మన బొండాలు ఉప్పుడు బియ్యమై కేరళకు పోవును. కాకినాడ రేవునుండి బియ్యము విదేశములకు పోవును. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని ప్రభుత్వము ఆపినది. 2024 సెప్టెంబరులో ఆ ఆంక్ష తీసివేసినది. రేవు తలుపు మూసినను తెరచినను దాని చప్పుడు మండపేటలోని మిల్లులకు వినబడకపోదు.

రేడియోలో ధరవరలు చదివి చదివి నాకొక సంగతి బోధపడినది. వార్తలకెక్కు ధర వేరు. ఇంటిని క్రుంగదీయు ధర వేరు. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటి దేశమంతటను గగ్గోలు పుట్టినది. మన రాష్ట్ర ప్రభుత్వము రైతుబజారులలో కిలో 50 రూపాయలకు అమ్మించినది. నాట్లు వేసిన రెండు మాసములకు, అంతకు కొలది దినములు హెచ్చుగా, టమాటా మొదటి కోతకు వచ్చును. కాబట్టి ఆ కేకలు కూడ రెండు మూడు మాసములలో తగ్గును. ఇపుడు లెక్క చూతము. నలుగురున్న ఇంటిలో నెలకు 4 కిలోల టమాటా, కిలో 30 రూపాయల చొప్పున 120 రూపాయలకు కొనుచుండిరి అనుకొందము. ధర 120 అయినపుడు వాడుక సగము చేసి 2 కిలోలే కొన్నచో 240 అగును. అనగా నెలకు 120 హెచ్చు, రెండు నెలలకు 240. అదే ఇంటిలో నెలకు 30 కిలోల బియ్యము ఖర్చు. కిలో 50 రూపాయల బియ్యము సద్దుచేయక 56 అయినది. నెలకు 180 హెచ్చు, సంవత్సరమునకు 2,160. దీనిని గురించి వీధిలో ఎవరును మాటలాడుకొనరు.

కేకవేయు ధరకు విరుగుడు సులభము: కొన్నాళ్లు కొనకుండుట. పులుపు కొరకు టమాటా యేల? పెద్దలు దీనిని రామములగ యనెడివారు. అది మన వంటలోనికి వచ్చినది ఇటీవలనే. చుక్కకూర, గోంగూర, చింతచిగురు, మామిడికాయ, కడకు చింతపండు ఎన్ని కాలములనుండియో ఆ పని చేయుచునే యున్నవి. ఉల్లిపాయకు ఇంత తేలిక విరుగుడు లేదు. వేసవిలో తీసి నిలువచేసిన నాసిక్ పంట తరుగుచు, క్రొత్త పంట ఇంకను రాని భాద్రపద, ఆశ్వయుజములలో దాని ధర తరచుగా ఎక్కును. మే నెలలో గట్టి ఉల్లిని కొని, గాలి తగులునట్లు వెదురు తట్టలో పరచి, కుళ్లినవి వారమునకొకమారు ఏరివేయుచుండినచో కొంత గడచును. ఏరుటకు ఓపిక లేనివారు మాత్రము ఈ పనికి పూనుకొనరాదు.

కందిపప్పు సంగతి వేరు. కంది చేను చేతికి వచ్చుటకు ఐదారు మాసములు పట్టును. జ్యేష్ఠ, ఆషాఢములలో విత్తినది పుష్యము వచ్చునపుడు గాని కోతకు రాదు. ఒక యేడు వానలు తప్పినచో మరుసటి పంట వరకు, అనగా సంవత్సరము పొడుగునను ఆ ధర దిగదు. 2015లో కిలో 200 రూపాయలు తాకినది. ఆ ధరను చూచి రైతులందరును కంది వేయగా, 2016-17లో మునుపెన్నడు లేనంత పంట పండి, ధర మద్దతు ధరకంటెను దిగిపోయినది. ఇట్టి సరుకునకు పూర్వులు ఎంచుకొన్న మార్గము సంవత్సర గ్రాసము. మాఘ ఫాల్గుణములలో కందులు, మిరప, చింతపండు క్రొత్తగా దిగినపుడు కొని, ఎండబోసి, పప్పునకు ఆముదము రాచి, జాడీలలో పోసికొనెడివారు. ధాన్యమునకు గరిసెలు, పురులు ఉండెడివి. దీనికి ఒకేమారు పెద్ద సొమ్ము కావలెను. నెలజీతముతో గడపువారికి అది అరుదు. అట్టివారు అన్నిటిని ముట్టక చింతపండును, మిరపను మాత్రము ఎన్నుకొనవచ్చును. రెండు మూడు కుటుంబములు కలిసి ఒక బస్తా కొని పంచుకొనుటయు మంచిదే. అప్పు చేసి గ్రాసము నింపుటకు మాత్రము నేను సమ్మతింపను. వడ్డీ ఆ లాభమును మ్రింగివేయును.

“ధరలు తగ్గినవి” అని వార్తలలో విని, మన చీటీ మొత్తము తగ్గక విస్తుపోవువారు కలరు. దేశపు ఆహార ధరల సూచిక 2023 జూలైలో అంతకు ముందటి జూలైకంటె 11.51 శాతము పెరిగినది. 2024 జూలైలో 5.42 శాతము పెరిగినది. 2025 జూలైలో 1.76 శాతము తగ్గినది. ఈ మూడింటిని వరుసగా లెక్కించినచో, 2022 జూలైలో 100 రూపాయలైన భోజనసామగ్రి 2025 జూలైలో సుమారు 115 రూపాయలు. తగ్గినది వాస్తవమే. కాని మెట్లపై మూడు మెట్లెక్కి ఒక మెట్టు దిగినవాడు నేలమీద నున్నాడని అనుకొనరాదు.

ఇక కోత విషయము. సొమ్ము చాలనపుడు గృహిణి చేయి అలవాటుగా మొదట పప్పు డబ్బా వైపు పోవును. పప్పు పలుచనై చారగును, గ్రుడ్లు వారమునకొకమారగును, పాలలో నీరు పెరిగి కాఫీకి మాత్రము చాలును. నూనె, పంచదార, చిరుతిండ్లు చెక్కుచెదరవు. ఇది తలక్రిందుల లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో 2,000 కేలరీల దినభోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు లేక వానికి బదులుగా గ్రుడ్లు, మాంసము 85 గ్రాములు, నూనె 27 గ్రాములు చెప్పబడినవి. నలుగురికి నెలకు లెక్కించినచో నూనె 3 కిలోల 240 గ్రాములు; లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును గనుక ఇది మూడున్నర లీటర్లు. నెలకు ఐదు లీటర్లు వాడు ఇల్లు ఒకటిన్నర లీటరు తగ్గించుకొన్నచో ధనమును మిగులును, దేహమును బాగుపడును. పప్పుదినుసులు అదే విధముగా లెక్కించినచో నెలకు 10 కిలోలకు పైబడును. మన ఇండ్లలో మూడు నాలుగు కిలోలు కొనుటయే గొప్ప. కోయవలసినది నూనె, మనము కోయుచున్నది పప్పు.

ఆ కోతయైనను అందరి కంచములలోను సమముగా పడదు. మన ఇండ్లలో పురుషులు, పిల్లలు తినిన తరువాత వండినామె కూర్చుండును. గిన్నె అడుగున కూర మిగులకున్నచో ఆవకాయ ముక్కయు మజ్జిగయు వేసికొని లేచును. “నాకింతే చాలును” అనును. అందుచేత పొదుపు జరిగినట్లు ఎవరికిని తెలియదు. ఏడాది గడచిన పిమ్మట నీరసమని, రక్తము తక్కువయని వైద్యుని యొద్దకు పోవునపుడు ఆ సొమ్ము వేరు ఖాతాలో వ్రాయబడును. ధరలు పెరిగిన నెలలలో అందరును ఒకేమారు కూర్చుండి తినుట, లేదా ఆమె వంతు కూరను ముందుగనే వేరు గిన్నెలో తీసి యుంచుట సిగ్గుపడవలసిన పని కాదు. తణుకు, అనపర్తి ప్రాంతములనుండి గ్రుడ్లు లారీలకెక్కి పరరాష్ట్రములకు పోవుచున్నవి. ఆ ప్రక్క వీధిలోని బాలింతకు దినమునకొక గ్రుడ్డు దొరకకపోవుట మాత్రము నిజముగా సిగ్గుపడవలసినదే. గ్రుడ్డు ముట్టనివారికి మునగాకు పప్పు కలదు. పెరటి కొమ్మ వంచినచో దానికి ధర లేదు.

చౌకడిపో బియ్యము మాట కూడ చెప్పవలెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము మన రాష్ట్రములో వచ్చినపుడు దానికొరకు బారులు తీరిరి. 2023 జనవరి నుండి ఆహారభద్రత చట్టము క్రింద అర్హులకు తలకు 5 కిలోలు ఉచితము. అయినను దానిని నామమాత్రపు ధరకు చాటుగా అమ్మి, అదే సొమ్మునకు మరికొంత కలిపి సన్నబియ్యము కొనువారు కలరు. అమ్ముట చట్టవిరుద్ధమన్న మాట అటుంచి, లెక్కకైనను నిలువదు. ఆ బియ్యము ఇడ్లీకి, దోసెకు, పిండివంటకు చక్కగా పనికివచ్చును. నలుగురికి వచ్చు 20 కిలోలలో సగము ఈ విధముగా వాడినను కొనుబియ్యము 10 కిలోలు తగ్గును.

కొట్టునందు ఒక్క జాగ్రత్త. ఐదు రూపాయల బిస్కట్టు పొట్లము ఎన్నేండ్లైనను ఐదు రూపాయలే. లోపలి బిస్కట్లు మాత్రము తగ్గుచుండును. నూనె ప్యాకెట్టులన్నియు లీటరువి కావు. ధరను గాక, గ్రాములను చూచి కిలోకు ఎంత పడినదో లెక్కించవలెను. ప్యాకెట్టుపై గ్రాముకు, మిల్లీలీటరుకు ధర ముద్రించవలెనను నిబంధన కొన్నేండ్లుగా నున్నది గాని, ఆ అక్షరములు చీమతలకాయలంత యుండును. ఖాతా కొట్టునందు అరువునకు తెచ్చువారికి ఈ పోలిక చూచుకొను వీలు తక్కువ.

వచ్చు నెల చీటీ వ్రాయునపుడు వరుస మార్చి చూడుడు. మొదట పప్పుదినుసులు, గ్రుడ్లు, పాలు, ఆకుకూరలు, తరువాత బియ్యము, తరువాత ఉప్పు, చింతపండు, మిరప, అన్నిటికంటె క్రింద నూనె, పంచదార, పొట్లములలోని చిరుతిండ్లు. మొత్తము మించినచో క్రిందినుండి కొట్టివేయుచు రండి. వ్రాయు కలము వండునామె చేతనే యుండనిండు.