పులివెందులకు పరుగు

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్ళు తాగడం మేలని మనవాళ్ళు ఏనాడో తీర్మానించారు. ఆ సామెతను తరగతిలో ఇరవై ఏళ్ళుగా వివరిస్తున్నవాణ్ణి నలభై ఆరో ఏట పరుగు లంకించుకుంటే నలుగురూ నవ్వడంలో వింతేమీ లేదు. అయితే ఒక్క మనవి. నేను తలపెట్టిన పరుగులో నిలబడి నీళ్ళు తాగడం తప్పనిసరి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తాగాలో తెలియనివాడు దాన్ని పూర్తి చేయలేడు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు అని పాఠకులు ఎరుగుదురు. దానికి మించినది ఎంత దూరమైనా సరే, అల్ట్రామారథాన్ అంటారు. దీనికి తెలుగులో ‘అతిదీర్ఘ ధావనం’ అని పేరు పెడదామా అంటే మా కాలేజీ స్టాఫ్ రూములో ఒకాయన, ‘అదేదో రోగం పేరులా ఉందండీ’ అన్నాడు. నాకు మాత్రం ‘ఆమడల పరుగు’ అనుకోవడం ఇష్టం. ఆమడ అంటే ఎనిమిది పది మైళ్ళు. మన తాతలు దూరాన్ని అలాగే కొలిచేవారు. పాత పుస్తకాలలో ‘పరువు’ అని మరొక మాట ఉంది. పరుగూ అదే, దూరపు కొలతా అదే. మనిషి పరుగే దారికి కొలబద్ద అయిన కాలం ఒకటి ఉండేదన్నమాట.

నా దారి ఇది. ఇల్లు ప్రొద్దుటూరు. ఉద్యోగం జమ్మలమడుగు. అత్తవారిల్లు పులివెందుల. ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు చేరి, అక్కడ పెన్న దాటి, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల చేరాలి. ఎనభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పులివెందుల వెళ్ళడానికి ప్రొద్దుటూరువాడు జమ్మలమడుగు ఎందుకు పోవాలని భూగోళం తెలిసినవారు అడగవచ్చు. నిజమే, అది చుట్టుదారి. బస్సు కండక్టరయితే నన్ను దింపేసి ఉండేవాడు. కాని నా బ్రతుకు ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగింది గనుక, పరుగెత్తేది ఏదో ఈ మూడింటినీ కలుపుతూ పరుగెత్తాలనిపించింది.

దాదాపు ఇంత దూరమే ప్రపంచంలో ఒక పేరుపొందిన పందెం ఉంది. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ పట్టణాల మధ్య జరిగే కామ్రేడ్స్ మారథాన్. మొదటి ప్రపంచయుద్ధంలో తనతో నడిచి మరణించిన సైనికుల స్మృతికి విక్ క్లాఫమ్ అనే ఆయన 1921లో దాన్ని మొదలుపెట్టాడు. మొదటి ఏడు పరుగెత్తినవారు 34 మంది. నెగ్గిన బిల్ రోవన్‌కు ఒక్క నిమిషం తక్కువ తొమ్మిది గంటలు పట్టింది. ఒక ఏడు సముద్రతీరం నుంచి ఎగువకు, మరొక ఏడు ఎగువ నుంచి దిగువకు, దూరం తొంభై కిలోమీటర్లకు దగ్గరలో ఉంటుంది.

ఈ పీటర్‌మారిట్జ్‌బర్గ్ మనకు కొత్త పేరేమీ కాదు. 1893లో గాంధీగారిని రైలు పెట్టె నుంచి దింపివేసిన స్టేషను అక్కడిదే. 1860 నుంచి మదరాసు ఓడలలో చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువారి సంతతి ఆ డర్బన్ చుట్టుపట్ల నేటికీ ఉన్నది. అంత దగ్గరలో ఉండి కూడా వారు ఆ పందెంలో అధికారికంగా కాలు పెట్టడానికి వీలు లేకపోయింది. నల్లవారికీ, భారతీయులకూ, ఆ మాటకు వస్తే ఏ జాతి స్త్రీలకూ 1975 దాకా ప్రవేశం లేదు. ఎవరూ పరుగెత్తలేదని కాదు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ, 1935లో రాబర్ట్ మ్‌చాలి అనే నల్లజాతి యువకుడు లెక్కలోకి రాకుండానే పరుగెత్తి గమ్యం చేరారు. గెలిచినవారి జాబితా కంటె ఈ ఇద్దరి పేర్లే నాకు ఎక్కువ గుర్తుంటాయి.

నా వయసువాడికి ధైర్యం ఇచ్చినది మాత్రం ఆర్థర్ న్యూటన్ అనే రైతు. భూమి విషయంలో ప్రభుత్వంతో పేచీ వచ్చి, తన గోడు నలుగురి కంటా పడాలంటే ఏదో ఒక ఘనకార్యం చేయాలని పరుగు మొదలుపెట్టాడట. 1922లో కామ్రేడ్స్ నెగ్గేనాటికి అతనికి 39 ఏళ్ళు. ఆపైన మరి నాలుగు మార్లు నెగ్గాడు. అతని సాధన అంతా ఒక్క మాటలో చెప్పవచ్చు: నెమ్మదిగా, చాలా దూరం. ఆస్ట్రేలియాలో 1983లో క్లిఫ్ యంగ్ అనే బంగాళాదుంపల రైతు 61వ ఏట సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పందెం నెగ్గాడు. అదీ పాదాలు నేలను రాసుకుంటూ ఈడ్చినట్లుండే పరుగుతో. కుర్ర పరుగువీరులు నిద్రపోతుంటే ముసలాయన సాగిపోయాడు. ఇది కుందేలు తాబేలు కథే కాని, ఈసారి పేరూ ఊరూ ఉన్న తాబేలు.

సరే, నా సాధన సంగతి. ఏణ్ణర్థం క్రితం మొదలుపెట్టాను. హైదరాబాదులో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ నిరుడు అయిదు గంటల ఇరవై నిమిషాలలో ముగించాను. అంతకు రెట్టింపు దూరానికి రెట్టింపు బలం కావాలని అందరూ అనుకుంటారు. బలం కాదు, ఓర్పు కావాలి. వారంలో నాలుగు రోజులు కాలేజీకి ముందు ఎనిమిది, పది కిలోమీటర్లు. శనివారం వేకువన ముప్ఫై. ఆ అలసట తీరకముందే ఆదివారం ఇరవై. ఈ ఆదివారం పరుగే అసలు చదువు. అలసిన కాళ్ళతో పరుగెత్తడం అలసిన కాళ్ళకే నేర్పాలి గదా! ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇస్తాను. ఒక్కొక్క ఆదివారం జమ్మలమడుగు నుంచి గండికోటకు పోతాను. పదిహేను కిలోమీటర్ల దారి. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన ఆ లోయ అంచున నిలబడితే, నీరు ఎంత ఓపికగా పనిచేస్తుందో అర్థమవుతుంది. నాలుగు గుక్కలు తాగి వెనుదిరుగుతాను.

ఇరవై అయిదు నిమిషాలు పరుగు, అయిదు నిమిషాలు నడక, ఇదీ నా లెక్క. ఒంట్లో శక్తి ఉండగానే నడవాలి. అయిపోయాక నడిచేది నడక కాదు, ఈడ్పు. ఊపిరికి నా వృత్తి సాయపడింది. మూడు అడుగులకు ఊపిరి తీసి, రెండు అడుగులకు వదులుతాను. మూడూ రెండూ అయిదు, అంటే ఖండగతి. అడుగు గణమయితే ఊపిరి యతి. పద్యానికి ‘నడక’ ఉందంటాము, ఆ మాట పెట్టినవాడు కాళ్ళతో ఎరిగి పెట్టి ఉంటాడు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు మా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ శివతాండవం కూర్చారని ఇక్కడివారు చెప్పుకుంటారు. నాకు అందులో నమ్మలేనిది ఏమీ కనిపించదు.

దారిలో సందేహాలకు కొదవ లేదు. నల్లరేగడి చేల మధ్య టీ అంగడి దగ్గర మొదట్లో ‘ఏం సారూ, బస్సు పాయనా?’ అనేవారు. తరువాత ‘ఎవురన్నా తరుముకొస్తాండారా?’ అన్నారు. ఒక గొర్రెల కాపరి మాత్రం వ్యవహారం తేల్చుకోదలిచాడు.

‘పందెం ఎంత సామీ?’

‘పందెమేమీ లేదు.’

‘మరి ఏంటికి పరిగెత్తేది?’

జవాబు చెప్పేలోగా గొర్రెలు రోడ్డు మీదికి వచ్చాయి. అతని పని అతనికి వచ్చింది, నా పని నాకు వచ్చింది. మనుషులది మాటలతో పోతుంది, ఊరకుక్కలతోనే చిక్కు. వాటికి పరుగెత్తేవాడు దొంగ, నడిచేవాడు పెద్దమనిషి. అందుచేత ప్రతి ఊరి పొలిమేరలోనూ నేను పెద్దమనిషినే.

పూర్వం తపాలా మోసే బంట్లు బల్లేనికి గజ్జెలు కట్టుకొని పరుగెత్తేవారు. కాని వారిలో ఏ ఒక్కడూ దారి మొత్తం పరుగెత్తలేదు. అంచెకు ఒకడు, తన అంచె కాగానే సంచి మరొకడి భుజాన వేసి కూర్చునేవాడు. నాకు సంచి అందుకునేవాడు లేడు. కడుపును మధ్యలో నింపుకుంటూ పోవాలి. కండరాలలో నిలవ ఉండే పిండి సత్తువ రెండు గంటల పరుగుకు మించి రాదు. ఆ తరువాత గంటగంటకూ ఏదో ఒకటి లోపల పడకపోతే, ముప్ఫయ్యో కిలోమీటరు దాటగానే కాళ్ళు ఇనుప గుండ్లవుతాయి. నగరాలలో దీనికి జిగురులాంటి తీపి పదార్థాలు పొట్లాలలో అమ్ముతారు. నాకు అవి గొంతు దిగలేదు. ఉప్పు వేసిన రాగి అంబలి, చెనక్కాయల బెల్లం ఉండలు, అరటిపండు, పులుసన్నం ముద్దలు, వీటితో ముప్ఫై అయిదు కిలోమీటర్లు సుఖంగా జరిగాయి. పరుగెత్తుతూ తినడం కూడా అభ్యాసం చేయవలసిన విద్యే సుమండీ.

నీళ్ళ సంగతి మరీ సున్నితం. తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమే. గంటలకొద్దీ చెమటలో ఉప్పు పోతుంటే ఉత్తనీళ్ళు కడవలకొద్దీ పోసుకుంటే రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాచి, స్పృహ తప్పుతుంది. దూరపు పరుగులలో ఇలా ప్రాణాలు పోయినవారు ఉన్నారు. దాహానికి తగినంతే తాగాలి. మా సీమవాడికి ఉప్పు మజ్జిగ ఎవరూ నేర్పనక్కర లేదు గాని, దాని వెనక ఇంత శాస్త్రం ఉందని మాత్రం నేను ఇప్పుడే తెలుసుకున్నాను.

ఇక్కడ మా ఆవిడ ప్రసక్తి రాక తప్పదు. మా మామగారు పులివెందుల దగ్గర చీనీతోట రైతు. ఒక మే నెలలో మధ్యాహ్నం తోటలో పనిచేస్తూ మాట తడబడి, అడుగు తడబడి, చెట్టు మొదట్లో కూర్చున్నారు. ఆసుపత్రికి చేర్చేలోగా అంతా అయిపోయింది. వడదెబ్బ. అప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు. నేను ఈ పరుగు మాట ఎత్తిన రోజున ఆమె వాదించలేదు, ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆమె భయం ఉత్త భయం కాదని మా డాక్టరుగారే అన్నారు. పరుగెత్తేవాడి కండరాలు పుట్టించే శక్తిలో ముప్పాతిక భాగం వేడిగానే పోతుంది. ఆ వేడిని చెమట ఆరి చల్లార్చాలి. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటితే మొదట తడబడేది బుద్ధి. తడబడుతున్నానని ఆ మనిషికి తెలియదు. ఆయన నా గుండెనూ, రక్తంలో చక్కెరనూ పరీక్షించి సరేనన్నారు గాని, ఒక హెచ్చరిక చేశారు. పరుగు మధ్యలో నొప్పి మాత్ర వేసుకోరాదు. ఒంట్లో నీరు తగ్గినవేళ ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బ తీయగలవు. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే పరుగు ఆపి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

అప్పుడు ఆమె షరతులు పెట్టింది. వేసవిలో సూర్యోదయం తరువాత రోడ్డు మీద ఉండరాదు. అసలు పరుగు చలికాలంలోనే. ప్రొద్దుటూరులో రాత్రి తొమ్మిదికి బయలుదేరాలి, మర్నాడు ఉదయం పది కొట్టేసరికి ఎక్కడున్నా సరే, పులివెందుల పొలిమేరలో ఉన్నా సరే, కారెక్కాలి. కామ్రేడ్స్ పందెంలో పన్నెండు గంటల గడువు నిండగానే ఒక అధికారి వస్తున్నవారికి వీపు చూపించి నిలబడి తుపాకి పేలుస్తాడు. ఆ తరువాత ఒక్క అడుగు దూరంలో ఉన్నవాడికైనా పతకం లేదు. ఆ సంగతి చెబితే, ‘నేను వీపు చూపించనులెండి, ఎదురుగానే నిలబడతాను’ అంది.

లెక్క బిగువుగానే ఉంది. పదమూడు గంటలలో ఎనభై పైచిలుకు అంటే, నడకా తిండీ కలుపుకొని గంటకు ఆరున్నర కిలోమీటర్లు. మొదటి సగం అంత కష్టం కాదు. ముద్దనూరు దాటాకనే ఉంది కథ. పులివెందుల మా ఊరికంటె నూరు మీటర్లకు పైగా ఎత్తున ఉంది. కాళ్ళు అయిపోయాక దారి పైకి లేస్తుంది. రాత్రిపూట బండలు మోసే లారీల భయానికి మెరిసే పట్టీల చొక్కా, నుదుట దీపం కొన్నాను. మా బావమరిది కారులో వెనకాలే ఉంటాడు. ఆమె అతని పక్కన కూర్చుంటుంది. నిద్రపొమ్మంటే వినలేదు.

రోజు కూడా నిర్ణయమైంది, సంక్రాంతి సెలవులలో. కనుమనాడు కాకి కూడా కదలదంటారు గనుక అత్తగారి మాట మీద ముక్కనుమ రాత్రికి మార్చాము. ఇక మిగిలినవి ఆరు వారాలు. వచ్చే శనివారం జమ్మలమడుగు మీదుగా ముద్దనూరు దాకా నలభై అయిదు. ఆపైన రెండు వారాలు బరువు సాధన, చివరి మూడు వారాలు క్రమంగా తగ్గింపు.

బుద్ధి తడబడితే కనిపెట్టడం ఎలాగ అన్నదానికి ఆమే ఉపాయం ఆలోచించింది. ముద్దనూరు దాటాక ప్రతి అయిదు కిలోమీటర్లకూ కారు ఆపి నన్ను చంపకమాల గణాలు అడుగుతుంది. న జ భ జ జ జ ర. ఒక్కటి తప్పినా కారెక్కాలి, అప్పీలు లేదు. తనకు ఛందస్సు రాదు గనుక కాగితం మీద వ్రాసి ఇమ్మంది. ఇచ్చాను. నిన్న రాత్రి ఆ కాగితం తెచ్చి, ‘ఇది మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఇంకొకటి కూడా వ్రాయండి, కొంచెం కష్టమైనది’ అంది.

శార్దూలం కూడా వ్రాసి ఇచ్చాను.