పరీక్షలు – ప్రతిభ

విద్యార్థి ఏమి నేర్చుకొన్నాడో తెలుసుకోవడానికి సమాజం ఏర్పరచుకొన్న సాధనం పరీక్ష. ఒకే ప్రశ్నపత్రాన్ని, ఒకే కాలవ్యవధిలో, ఒకే మూల్యాంకన పద్ధతితో వేలమందికి, లక్షలమందికి నిర్వహించినప్పుడు దానిని ప్రామాణిక పరీక్ష అంటారు. పబ్లిక్ పరీక్షలు, ప్రవేశపరీక్షలు ఈ కోవకు చెందినవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ప్రారంభమైన ఎంసెట్ నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈఏపీసెట్ అనే పేరుతో సాగుతున్నది. అందులోని ఇంజనీరింగ్ విభాగంలో మూడు గంటలలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. అంటే ఒక్కొక్క ప్రశ్నకు లభించేది ఒక నిమిషానికి కొంచెం మించిన కాలం. ఆ కొద్దికాలంలో నాలుగు జవాబులలో సరైనదానిని ఎంచుకోవాలి. ఇటువంటి పరీక్ష విద్యార్థిలోని ఏ శక్తిని కొలుస్తుంది? ఏ శక్తిని కొలవజాలదు? విద్యార్థి భవిష్యత్తు ఈ పరీక్షలపై ఆధారపడి ఉన్నందువల్ల ఈ ప్రశ్నలను లోతుగా ఆలోచించవలసి ఉంది.

ప్రామాణిక పరీక్ష వెనుక ఒక ఉదాత్తమైన ఆశయం ఉంది. చైనాలో సూయి వంశపు పాలనలో మొదలైన రాజోద్యోగ పరీక్షలు సుమారు 1300 సంవత్సరాలు సాగి, 1905లో రద్దయ్యాయి. సోంగ్ వంశపు కాలంలో అభ్యర్థి పేరు కనబడకుండా కప్పివేసేవారు. చేతివ్రాతను బట్టి కూడా ఎవరూ గుర్తుపట్టకుండా, లేఖకులచేత జవాబుపత్రాన్ని తిరిగి వ్రాయించి, ఆ ప్రతినే దిద్దించేవారు. వంశాన్ని బట్టిగాని, పలుకుబడిని బట్టిగాని కాక, యోగ్యతను బట్టి పదవి దక్కాలన్నదే దీని పరమార్థం. నేడు జవాబుపత్రాలపై పేరుకు బదులు సంకేతసంఖ్య ఉండడం కూడా ఇందుకోసమే. మారుమూల పల్లెలోని కూలి బిడ్డ, నగరంలోని ధనికుని బిడ్డ ఒకే ప్రశ్నకు జవాబు వ్రాయగలగడం చిన్న విషయం కాదు. కాబట్టి పరీక్షలను పూర్తిగా తొలగించాలనే వాదం బలహీనులకే ఎక్కువ నష్టం కలిగిస్తుంది.

అయితే ఆ చైనా పరీక్షలే మరొక సత్యాన్ని కూడా తెలియజేస్తున్నాయి. మింగ్, చింగ్ వంశాల కాలంలో అభ్యర్థులు ఎనిమిది భాగాలతో కూడిన ఒక నిర్దిష్టమైన చట్రంలో వ్యాసాన్ని వ్రాయవలసి వచ్చేది. దిద్దడానికి అది అనుకూలమే. కాని క్రమంగా భావంకన్నా చట్రమే ప్రధానమైపోయింది. యువకులు ఏళ్లతరబడి ఆ చట్రాన్నే అభ్యసించారు. కొలమానమే గమ్యంగా మారినప్పుడు చదువు తన లక్ష్యాన్ని కోల్పోతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

మన అలంకారికులు కావ్యరచనకు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడింటిని కారణాలుగా చెప్పారు. వ్యుత్పత్తి అంటే శాస్త్రాలను, లోకాన్ని పరిశీలించడంవల్ల కలిగే పాండిత్యం. అభ్యాసం అంటే నిరంతర సాధన. ప్రతిభ అంటే ఎప్పటికప్పుడు కొత్త భావాన్ని స్ఫురింపజేసే శక్తి. ఈ విభజనకు సన్నిహితమైన ఆలోచనను ఆధునిక మనోవిజ్ఞానంలోనూ చూడవచ్చు. అమెరికా దేశీయుడైన గిల్‌ఫర్డ్ 1950లో అక్కడి మనోవిజ్ఞాన సంఘానికి అధ్యక్షుడుగా ప్రసంగిస్తూ, సృజనాత్మకతపై పరిశోధనలు ఎంత అరుదుగా ఉన్నాయో ఎత్తిచూపాడు. ఆలోచనలో సమైక్య ఆలోచన, విభిన్న ఆలోచన అనే రెండు రీతులను ఆయన వివరించాడు. అనేక ఆధారాలనుండి ఒకే సరైన జవాబుకు చేరుకోవడం మొదటిది. ఒకే విషయంనుండి అనేక మార్గాలకు విస్తరించడం రెండవది. ఇటుకతో ఏమేమి చేయవచ్చునని అడిగితే, గోడ కట్టవచ్చునని అందరూ చెబుతారు. తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టవచ్చునని, మూడింటిని పేర్చి పొయ్యిగా వాడవచ్చునని, పొడిచేసి ఇత్తడి పాత్రలు తోమవచ్చునని కొందరు ఊహిస్తారు. నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచుకొనే పరీక్షలో ఇటువంటి ఊహకు చోటు లేదు. ఆ పరీక్ష వ్యుత్పత్తిని, అభ్యాసాన్ని కొంతవరకు కొలుస్తుంది. ప్రతిభ దాని తక్కెడకు అందదు.

కొలవలేని దానిని లేనిదిగా భావించడంవల్లనే అసలు ప్రమాదం కలుగుతుంది. అమెరికాలో 2002 జనవరిలో అమలులోకి వచ్చిన ఒక చట్టం మూడవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఏటా పఠనం, గణితాలలో పరీక్షలను తప్పనిసరి చేసింది. ఫలితాలను బట్టి పాఠశాలలపై చర్యలు ఉండడంతో, చాలాచోట్ల ఆ రెండింటికి సమయం పెంచి చరిత్ర, సంగీతం, చిత్రలేఖనం వంటి వాటికి తగ్గించారు. 2015లో దాని స్థానంలో వేరొక చట్టం వచ్చింది. మనవద్ద కూడా ఆటస్థలం, గ్రంథాలయం లేని కళాశాలలు, వేకువనుండి రాత్రివరకు సాగే స్టడీ అవర్లు అపరిచితమైనవి కావు. ర్యాంకు తగ్గితే తానే పనికిరానివాడనని భావించే విద్యార్థి, కొలమానాన్ని తన విలువగా పొరబడుతున్నాడు. ఈ పొరపాటు కొన్ని ఇళ్లలో తీరని దుఃఖాన్ని మిగులుస్తున్నది.

గణితమేధావి శ్రీనివాస రామానుజన్ జీవితం ఇక్కడ స్మరణీయం. 1897లో ప్రాథమిక పరీక్షలో ఆయన తంజావూరు జిల్లాలో ప్రథముడుగా నిలిచాడు. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరడానికి ఉపకారవేతనం కూడా లభించింది. గణితంలోనే మునిగిపోయి తక్కిన విషయాలలో తప్పడంవల్ల ఆ వేతనాన్ని కోల్పోయాడు. 1906లో మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్ స్థాయి చదువే. 1918లో ఆయన ఇంగ్లండులోని రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. పరీక్షలో తప్పినవారందరూ రామానుజన్లు కారు. కాని బాల్యంలో ఆయనను గుర్తించిన పరీక్షావ్యవస్థే యౌవనంలో ఆయనను గుర్తించలేకపోయిందన్నది గమనార్హం.

మరి న్యాయాన్ని, సృజనను ఒకేచోట నిలపడం సాధ్యమా? తెలుగువారి అవధానవిద్య ఇందుకు ఒక దారి చూపుతున్నది. తిరుపతి వేంకటకవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ ప్రక్రియ నిజానికి ఒక కఠినపరీక్ష. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం తరువాత అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. దత్తపదిలో పొంతన లేని పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. సమస్యాపూరణంలో అసంబద్ధంగా తోచే ఒక పాదాన్ని ఇస్తాడు. తక్కిన పాదాలతో దానికి అర్థం కల్పించడం అవధాని పని. నడుమ ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను భంగపరుస్తుంటారు. చివరకు పద్యాలన్నింటినీ అవధాని ధారణతో అప్పగించాలి. ఇక్కడ జ్ఞాపకశక్తికి ఎంత విలువ ఉందో కల్పనాశక్తికీ అంతే విలువ ఉంది. ఒకే సమస్యను పదిమంది కవులు పదివిధాలుగా పూరించవచ్చు. ఛందస్సు, యతి, ప్రాస మాత్రం అందరికీ సమానమే. నియమం ఒక్కటి, సమాధానాలు అనేకం. పృచ్ఛకుడు కూడా పండితుడై ఉండాలి. మంచి ప్రశ్న వేయలేనివాడు మంచి జవాబును రాబట్టలేడు.

ఇది ఒక్క వ్యక్తిని పరీక్షించే సభ కదా, లక్షలమందికి ఎలా వర్తిస్తుందనే సందేహం సహజం. 15 ఏళ్ల విద్యార్థులకు నిర్వహించే పీసా అంతర్జాతీయ పరీక్షలో 2022లో మొదటిసారిగా సృజనాత్మక ఆలోచనను కూడా పరీక్షించారు. ఒకే అంశంపై పరస్పర భిన్నమైన ఆలోచనలను సూచించమనడం వంటి ప్రశ్నలు అందులో ఉన్నాయి. 2024లో వెలువడిన ఫలితాలలో సింగపూర్ ప్రథమస్థానంలో నిలిచింది. గణితంలోనూ ఆ దేశానిదే అగ్రస్థానం. దీనినిబట్టి విషయజ్ఞానానికి, సృజనకు విరోధం లేదని భావించవచ్చు.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 1993 నాటి యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువును కోరింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీపద్ధతినుండి విముక్తిని సూచించింది. 2009లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని ప్రవేశపెట్టి, 2017లో ఉపసంహరించింది. ప్రాజెక్టులు పిల్లల చేతులనుండి తల్లిదండ్రుల చేతులలోకి, దుకాణాలలోకి పోయాయనే విమర్శ అప్పట్లో వినవచ్చింది. పద్ధతి పేరు మారినంతమాత్రాన చదువు మారదని ఈ అనుభవం నేర్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా కంఠస్థంకన్నా అవగాహనను, విశ్లేషణను కొలిచే ప్రశ్నలకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది.

అందువల్ల సంస్కరణ ప్రశ్నతోనే ప్రారంభం కావాలి. తెలిసినదానిని అప్పగించమనే ప్రశ్నల పక్కన, తెలిసినదానితో కొత్తదానిని కల్పించమనే ప్రశ్న ఒకటైనా ఉండాలి. దానిని నిష్పక్షపాతంగా దిద్దగల అధ్యాపకులను తీర్చిదిద్దాలి. విద్యార్థి కూడా జవాబును గుర్తించడంతో తృప్తిపడక, మరొక మార్గం ఉన్నదేమోనని తనను తాను ప్రశ్నించుకోవాలి. పరీక్షలో నియమం అందరికీ ఒకటే కావాలి. జవాబు అందరిదీ ఒకటే కానక్కరలేదు.